నా పేరున ఉన్న పిల్ల

అక్టోబరు 29, 1864. శనివారం.
తొమ్మిది దాకా పొగమంచు. గుడ్లు పదకొండు. మిల్లు దగ్గర ఒక కాన్పు, ఆడపిల్ల, ఉదయం ఆరూ నలభైకి. నా కాన్పుల పుస్తకంలో ఇది రెండువందల పద్నాలుగోది.

వంటగది నేల మీద తడి అడుగులు, ఏడు. వెనక తలుపు దగ్గర మొదలై అటక మెట్ల దగ్గర ఆగిపోయాయి. తిరిగి వెళ్ళినవి లేవు. ఏటి బురద వాసన. మనవరాలు మహాలాని లేపి అరికాళ్ళు చూశాను. పొడిగా ఉన్నాయి. అయినా తిట్టాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కదా, నేను చెయ్యని పని అది చేసినట్టే.

సిపాయిల ఓట్లతో కొత్త రాజ్యాంగం గట్టెక్కిందట. మంగళవారం నుంచి మేరీలాండ్‌లో బానిస అనే మాట ఉండదు. యుద్ధం ఇంకా నడుస్తోంది. నది అవతల వర్జీనియాలో మనుషుల్ని ఇంకా అమ్ముతున్నారు, ఇక్కడ మాత్రం ఉండదు. నేల రెండుసార్లు కడిగాను.

అక్టోబరు 30. ఆదివారం.
ప్రార్థనలో అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు. అడుగులు ఆరు.

నవంబరు 1. మంగళవారం.
పొద్దున గుడి గంట ఎంతసేపు మోగించారంటే తాడు తెగింది. జనం రోడ్డంతా నిండి నడిచారు. కొందరు ఎక్కడికీ వెళ్ళడం లేదు, ఊరికే నడుస్తున్నారు. యజమాని చీటీ అడిగేవాడు లేకుండా నడవడం ఎలా ఉంటుందో చూస్తున్నారు. మా వెనక ఇంటి జూడీ ఇద్దరు కొడుకుల్ని చెరో చేత్తో పట్టుకుని వంతెన దాటి, మళ్ళీ ఇటు దాటి, మళ్ళీ అటు దాటింది. "ఏం పోగొట్టుకున్నావే?" అని అడిగాను. "పోగొట్టుకున్నవాడు వేరే ఉన్నాడు డోర్కసత్తా, డ్రేపర్ దొరని అడుగు" అంది. నవ్వాను. నేను నవ్వడం చూసి మహాలా ఆశ్చర్యపోయింది.

ఇంటికొచ్చాక అడిగింది. "అమ్మమ్మా, మనకేం మారింది?"

"ఏమీ మారలేదు. నేను ఇరవై తొమ్మిదేళ్ళ కిందటే స్వతంత్రురాలిని. గిన్నెలు తోము."

అబద్ధం చెప్పలేదు. నా సంగతి చెప్పాను. దాని సంగతి అది అడగలేదు.

పిండి డబ్బా అడుగున ఉన్న కాగితం తీసి చూశాను. ఈ రోజుతో దానికి విలువ లేదు. పొయ్యిలో వేద్దామనుకున్నాను. వెయ్యలేదు. కాగితాలు తగలబెట్టే అలవాటు నాకు లేదు.

నవంబరు 3. గురువారం.
మంచు ఎంత దట్టంగా ఉందంటే కోళ్ళు గూట్లోంచి దిగలేదు. పదిన్నరకి రోడ్డు మీద బండి చప్పుడు. డ్రేపర్ బండి. మీద తెరచాప గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద నుంచి రెండు జతల కాళ్ళు వేలాడుతున్నాయి, ఊగుతున్నాయి. ఏడుపు లేదు, మాట లేదు. పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండడం రెండువందల పద్నాలుగు కాన్పుల్లో నేను చూడలేదు. చనిపోయి పుట్టిన వాళ్ళని తప్ప.

ఆ కాళ్ళు జూడీ కొడుకులవి.

మధ్యాహ్నం జూడీ వచ్చి నా వంటగదిలో నేల మీద కూర్చుంది. చెప్పింది ఇది. కౌంటీ కోర్టులో అనాథల విచారణ చూసే ముగ్గురు జడ్జీలు నిన్న కూర్చున్నారట. స్వతంత్రులైన నల్లవాళ్ళ పిల్లల్ని పోషించే స్తోమత తల్లిదండ్రులకి లేదని కోర్టుకి తోస్తే, పని నేర్చుకోవడానికని ఒక యజమాని కింద రాసివ్వవచ్చు. మగపిల్లలైతే ఇరవై ఒకటి దాకా, ఆడపిల్లలైతే పద్దెనిమిది దాకా. పాత చట్టమే. బానిస పిల్లలకి అది వర్తించదు, వాళ్ళు ముందే ఒకరి సొత్తు కాబట్టి. మొన్న మంగళవారం నుంచి అందరూ స్వతంత్రులే. అందరికీ వర్తిస్తుంది.

"నేను బయట వరండాలోనే ఉన్నానత్తా. నన్ను పిలవలేదు. లోపల నా బీదతనం గురించి మాట్లాడుకున్నారంట. రెండు రోజుల క్రితం దాకా ఆయన దగ్గరే పని చేశాను, నేను బీదదాన్ని కాక ఎలా ఉంటాను?"

మహాలా అటక మెట్ల మీద కూర్చుని వింటోంది. పైకి పొమ్మన్నాను.

నవంబరు 4. శుక్రవారం.
కాన్పుల పుస్తకం పట్టుకుని జూడీతో కోర్టుకి వెళ్ళాను. పెద్దవాడు పుట్టింది 1854 ఆగస్టు 9, తెల్లవారుజామున మూడూ పదిహేనుకి. నా చేతుల్లోకే వచ్చాడు. పదేళ్ళవాడు. కోర్టు కాగితంలో ఏడేళ్ళు అని రాశారు. ఆ మూడేళ్ళు డ్రేపర్‌కి ఊరికే వచ్చినట్టు. గుమాస్తా పుస్తకం మీద చెయ్యి పెట్టి, తెరవకుండానే నా వైపు తోశాడు.

మెట్లు దిగుతూ జూడీ అంది. "కోర్టుకెళ్తే వయసు తగ్గుతుందని తెలిస్తే నేనూ ఎప్పుడో వెళ్దును డోర్కసత్తా." ఆ మాట అని మెట్ల మీదే కూలబడింది. లేపడానికి ఇద్దరు పట్టాలి, నేనొక్కదాన్నే ఉన్నాను. చాలాసేపు పట్టింది.

నవంబరు 5.
అడుగులు ఎనిమిది.

నవంబరు 7. సోమవారం.
డ్రేపర్ వచ్చాడు. బూడిదరంగు గుర్రం. గేటు దగ్గర ఆపి దిగకుండా పావుగంట ఉన్నాడు. మహాలా గుడ్డలు ఆరేస్తోంది. ఆయన చూపు దాని భుజాల మీద, చేతుల మీద, నడుము మీద ఆగి ఆగి కదిలింది. ఆ చూపు నాకు తెలుసు. నా పదకొండో ఏట ఆయన మేనత్త నన్ను కొన్నప్పుడు చూసిన చూపు.

"ఏమే డోర్కసూ, బాగా ఎదిగిందే కెజాయా కూతురు."

"తిండి పెడుతున్నాను అయ్యగారూ, ఎదగకేం చేస్తుంది."

"తల్లి లేదు. తండ్రెవడో తెలీదు. చట్టం లెక్కలో అమ్మమ్మ అంటే ఎవరూ కాదు, తెలుసా? ముసలిదానివి. రేపు నువ్వు పోతే దీని గతేంటి? నా ఇంట్లో పుట్టింది, నా ఇంట్లో పని నేర్చుకుంటుంది. వచ్చే మంగళవారం, పదిహేనో తారీకు, కోర్టుకి తీసుకురా. నువ్వు తీసుకురాకపోతే బండి పంపిస్తాను."

ఆయన వెళ్ళాక మహాలా తడి దుప్పటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. "అమ్మమ్మా, మనం ముందు నుంచీ స్వతంత్రులమే కదా. ఆయనకి చెప్పొచ్చు కదా."

ఒక్క మరక కూడా లేని దుప్పటి. రెండోసారి ఉతికించాను.

నవంబరు 9. బుధవారం.
నాలుగు మైళ్ళు నడిచి ఎలీషా కెర్సీ దగ్గరికి వెళ్ళాను. క్వేకరు శాఖ క్రైస్తవుడు, బానిసల్ని ఉంచుకోని వాళ్ళు. ఆయన భార్య బతికుండగా నాకు చదువు చెప్పింది, లెక్కలు నేర్పింది, చేతిరాత మీద బెత్తంతో కొట్టింది. వాళ్ళలో మీరు అనడం లేదు. గవర్నరైనా నువ్వే. మొదట్లో ఆ ముసలాయనతో నువ్వు అనడానికి నాకు నాలిక తిరిగేది కాదు.

ఆయన చట్టం పుస్తకం తీసి వేలు పెట్టి చదివాడు. పిల్లల్ని అప్పగించేటప్పుడు పాత యజమానికే మొదటి హక్కు అని ఈ కోర్టు నడుపుతున్న పద్ధతి. డ్రేపర్ దాని మీదే ఆధారపడ్డాడు.

"ఆ పిల్ల పుట్టింది అతని దగ్గరే కదా డోర్కస్. మనకి దారి లేదు."

"పుట్టింది. కానీ పోయిన నెల ముప్పై ఒకటో తేదీన దాని యజమాని అతను కాదు."

"మరెవరు?"

పదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఇంతవరకూ చెప్పాల్సిన పని రాలేదు. పిండి డబ్బాలోంచి తీసిన కాగితం బల్ల మీద పెట్టాను. పిండి దులిపాను. డ్రేపర్ సంతకం. కౌంటీ ముద్ర. కొన్నవారి పేరు: డోర్కస్ గిబ్స్, స్వతంత్ర నల్ల స్త్రీ.

ముసలి దొరసాని తన వీలునామాలో నన్ను విడిచిపెట్టింది, నా రెండేళ్ళ కూతుర్ని మేనల్లుడు డ్రేపర్‌కి రాసింది. కూతుర్నీ, దాని కూతుర్నీ విడిపించుకోవడానికి పంతొమ్మిదేళ్ళు కాన్పులు చేశాను. విడిపించుకోవడం అంటే కొనుక్కోవడమే. విడుదల పత్రం రాసిస్తే వాళ్ళు రాష్ట్రం వదిలి పోవాలని అప్పటి చట్టం. ఉండాలంటే నాలాగే ఏటా కోర్టుని బతిమాలుకోవాలి. అందుకని రాయలేదు. నా పేరున ఉంచాను. ఈ ఒడ్డున అందరూ చేసిన పనే. మొగుడు పెళ్ళాం పేరున ఉన్నాడు, తండ్రి కొడుకు పేరున ఉన్నాడు. తర్వాత 1860లో విడుదల చెయ్యడమే నిషేధించారు. నా తప్పు లేదు.

ఎలీషా కెర్సీ టోపీ తియ్యలేదు, వాళ్ళు తియ్యరు. కానీ చాలాసేపు దాని అంచు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి, "పిల్లకి తెలుసా?" అన్నాడు. కోర్టులో హామీ సంతకం తాను పెడతానని ఒప్పుకున్నాడు. నేను కాగితం మడిచి దాచుకున్నాను.

నవంబరు 10. గురువారం.
కోర్టుకి జోళ్ళు ఉండాలి. దారంతో మహాలా పాదం కొలిచాను. అదే దారం నేల మీది తడి అడుగు మీద పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. అయితే మహాలాయే. మనసు తేలికపడింది. నిద్రలో నడుస్తోంది కాబోలు, తలుపుకి గడియ పైన పెడితే సరిపోతుంది.

అటక మీద పాత పెట్టెలో కెజాయా జోళ్ళు ఉన్నాయి. మహాలాకి సరిగ్గా సరిపోయాయి.

మనసు మళ్ళీ బరువెక్కింది.

నవంబరు 11.
గడియ పైన పెట్టాను. మహాలా మంచం కోడుకి నా లంగా నాడాతో దాని చీలమండ కట్టాను. ఉదయం ముడి ముడిలాగే ఉంది. అడుగులు తొమ్మిది. మెట్ల మీద కూడా ఒకటి.

నవంబరు 12. శనివారం.
మధ్యాహ్నం ఏటి ఒడ్డుకి ఆల్చిప్పలకని పంపాను. ఖాళీ బుట్టతో వచ్చింది.

"రెల్లులో ఎవరో ఉన్నారమ్మమ్మా. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది."

"జూడీ అయ్యుంటుంది. కొడుకుల కోసం మతి చెడి తిరుగుతోంది."

"జూడీ కాదు. నిన్ను ఇంకోసారి అడగమంది."

"ఏమడగమంది?"

"చెప్పలేదు. నీకే తెలుసంది."

బుట్ట ఎందుకు ఖాళీగా తెచ్చావని తిట్టాను. అరగంట సేపు తిట్టాను. నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినిపించింది.

నవంబరు 13. ఆదివారం.
ప్రార్థనకి వెళ్ళలేదు.

కాన్పుల పుస్తకం వెనక పేజీల్లో చావులు రాస్తాను. కెజాయా దగ్గర ఇలా ఉంది: 1858 నవంబరు, చలిజ్వరం, వయసు 25. నా చేతిరాతే. తేదీ లేదు. మిగతా అన్నింటికీ గంటలు నిమిషాలు కూడా ఉన్నాయి.

చలిజ్వరం కాదు. ఏటిలో పోయింది. పాటుకి నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ మంచులో నడిచి దాటబోయింది. మధ్యలో ఉండగా పోటు తిరిగింది. మూడో రోజు రెల్లులో దొరికింది. ఆరేళ్ళ మహాలాకి జ్వరం అని చెప్పాను. తర్వాత పుస్తకంలోనూ అదే రాశాను, రెండు చోట్ల రెండు రకాలుగా ఉండకూడదని.

వంతెన ఉండగా నీళ్ళలో ఎందుకు దిగింది అన్నది ఇవాళ రాయను.

నవంబరు 15. మంగళవారం.
వివరంగా రాయాలి.

ఉదయం తొమ్మిదింటికి పిలిచారు. ముగ్గురు జడ్జీలు, గుమాస్తా, డ్రేపర్, ఎలీషా కెర్సీ, నేను. మహాలాని గోడ పక్క నిలబెట్టారు. బెంచీ మీద అప్పటికే నలుగురు పిల్లలు ఉన్నారు, ఖాళీ లేదు. ఆ నలుగురూ కదలకుండా ఎదుటి గోడని చూస్తున్నారు. ఒకడు నా పుస్తకంలో నూట ఎనభయ్యోవాడు. నన్ను గుర్తుపట్టనట్టు చూశాడు.

డ్రేపర్ తన మాట చెప్పాడు. పాత యజమానిని అన్నాడు. ఎలీషా కెర్సీ లేచి కాగితం ఇచ్చాడు. పెద్ద జడ్జి చదివి, సంతకం డ్రేపర్‌కి చూపించి, ఇది నీదేనా అని అడిగాడు. ఆయన ముఖం ఎర్రబడింది. ఎప్పుడో పదేళ్ళ నాటిది, ఒక తల్లి ముచ్చట పడితే ఇచ్చాను, అది వ్యాపారం కాదు అన్నాడు. ముద్ర ఉంది కదా అన్నాడు జడ్జి.

తర్వాత నన్ను ముందుకి రమ్మన్నారు.

"అంటే నువ్వు, దీని యజమానురాలివి?"

"అవునండీ."

"గట్టిగా చెప్పు. గుమాస్తాకి వినపడాలి."

గుమాస్తా అప్పటికే నవ్వుతున్నాడు.

"ఈ పిల్ల నాది. కొన్నాను. పోయిన నెలాఖరు దాకా నా బానిస."

"తల్లి?"

"తల్లినీ కొన్నాను. చనిపోయేదాకా నా పేరునే ఉంది."

ముగ్గురూ నవ్వారు. మర్యాదగానే నవ్వారు. అలాగైతే నీకు కలిగిన నష్టానికి మా సానుభూతి అన్నాడు చివరి జడ్జి. మళ్ళీ నవ్వులు. నేను మహాలా వైపు చూడలేదు. చూడకపోయినా గోడ పక్క నుంచి చలి నా వీపుకి తగిలింది. అక్కడ కిటికీ లేదు.

పద్దెనిమిది నిండే దాకా, అంటే 1870 మార్చి 14 దాకా, మహాలా గిబ్స్ అనే పిల్లని డోర్కస్ గిబ్స్ కింద పనిపిల్లగా రాశారు. పారిపోతే పట్టి తెచ్చే హక్కు నాకు ఉంది. పుట్టిన తేదీ నా పుస్తకం చూసి సరిగ్గా రాసుకున్నారు. యజమానులు చెప్పిన తేదీలు వాళ్ళు నమ్ముతారు.

డ్రేపర్ నా పక్కనుంచి పోతూ అన్నాడు. "మా అత్త నీకు బాగానే నేర్పింది."

ఎలీషా కెర్సీ బండిలో దింపుతానన్నాడు. మహాలా ఎక్కలేదు. బండి వెనక దారంతా నడిచింది, తల్లి జోళ్ళు చేత్తో పట్టుకుని. పిల్ల దక్కింది. నేను అడిగింది అదే. దక్కింది.

నవంబరు 16. బుధవారం.
గుడ్లు తొమ్మిది. పొద్దున మహాలా పొయ్యి వెలిగించి, కాఫీ కాచి, చేతులు కట్టుకుని నిలబడి, "ఇంకేమైనా పని ఉందా అమ్మగారూ" అంది.

ఎగతాళిగా అనలేదు. అలా అంటే తిట్టేదాన్ని.

నవంబరు 17. గురువారం.
మూడింటికి మంచు ఏటి మీద నుంచి లేచి పెరటి కంచె దాకా వచ్చింది. మహాలా నా ఎదుట కూర్చుంది. చెప్పకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి.

"అమ్మ నిన్ను ఏమడిగింది?"

జ్వరం గురించి చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. దాని పాదాలు చూసి ఆగాను.

చెప్పాను. కెజాయా ఫిలడెల్ఫియా వెళ్తానంది. అక్కడ టోపీల దుకాణంలో కుట్టుపని ఉందట. ముందు తాను వెళ్ళి, కుదురుకున్నాక మహాలాని తీసుకుపోతానంది. వంతెన దగ్గర కాపలావాళ్ళు యజమాని రాసిన చీటీ అడిగేవాళ్ళు. చీటీ లేకపోతే కొట్టి జైల్లో వేసేవాళ్ళు. యజమానిని నేను. రెండు వాక్యాలు రాసి సంతకం పెడితే చాలు. మూడు రోజులు అడిగింది. మొదటి రోజు అమ్మా అని అడిగింది. మూడో రోజు అమ్మగారూ అని అడిగింది.

"నీకు రాయడం రాదా?" అంది మహాలా.

"వచ్చు. ఈ ఒడ్డున నా అంత చక్కగా రాసే నల్లవాళ్ళు లేరు."

"మరి?"

"పంతొమ్మిదేళ్ళు పట్టింది మిమ్మల్ని తెచ్చుకోవడానికి. వెళ్తే మీరు తిరిగి రారని తెలుసు. నా ఇల్లు, నా పిల్లలు. నాకు వద్దనిపించింది. అంతే. చట్టం కాదు, కాపలావాళ్ళు కాదు. నాకు వద్దనిపించింది."

ఆరేళ్ళలో ఈ మాట నాలో నేను కూడా అనుకోలేదు.

మహాలా లేచి సిరాబుడ్డి, కలం, కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. నా చేతికి కలం ఇచ్చింది.

"రాయి."

"ఎవరికి? నీకా? నువ్వు ఎక్కడికైనా—"

"నాకు కాదు."

వెనక తలుపు తెరిచే ఉంది. మంచు గుమ్మం దాకా వచ్చి ఉంది, లోపలికి రావడం లేదు. రాత వంకరపోయిన మొదటి కాగితం చింపేసి రెండోది తీసుకున్నాను. ఇలా రాశాను:

ఈ చీటీ తెచ్చిన కెజాయా గిబ్స్, వయసు 25, సన్నని మనిషి, ఎడమ కనుబొమ మీద మచ్చ, నా పూర్తి అనుమతితో ఫిలడెల్ఫియా వెళ్తోంది. వెళ్ళినచోట ఎంతకాలమైనా ఉండవచ్చు. ఆమె కూతురు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళవచ్చు. ఎవరూ అడ్డు పెట్టవద్దు. డోర్కస్ గిబ్స్.

తేదీ దగ్గర ఆగాను. 1858 అని రాస్తే అబద్ధం. ఇవాళ్టి తేదీ వేశాను.

మహాలా సిరా ఆరేదాకా ఊది, మడిచి, వట్టి కాళ్ళతో మంచులోకి వెళ్ళింది. పిలవాలనుకున్నాను. పట్టి తెచ్చే హక్కు నాకు ఉందని కోర్టు రాసింది. కుర్చీలోంచి లేవలేదు. గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పోటు నాలుగింటికి తిరుగుతుంది. మూడూ నలభైకి వెళ్ళింది. మూడూ యాభై ఐదుకి పెద్దబాతులు ఒక్కసారిగా లేచిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. నాలుగు అయింది. నాలుగూ ఐదు.

నాలుగూ పదికి గుమ్మంలో నిలబడింది. లంగా మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చేతిలో కాగితం లేదు.

"తీసుకుంది" అంది.